ఒక్క మనిషికి ఒక రోజంతా

ఆగస్టు 27వ తేదీ అర్ధరాత్రి న్యూయార్క్‌లో మొదలయ్యే ఒక రేడియో కార్యక్రమం 29వ తేదీ రాత్రి పన్నెండు దాకా ఆగదు. 72 గంటలూ ఇద్దరే ఇద్దరు జాజ్ వాద్యకారులు: లెస్టర్ యంగ్, చార్లీ పార్కర్. లెస్టర్ 1909 ఆగస్టు 27న మిసిసిపీ రాష్ట్రంలోని వుడ్‌విల్‌లో పుట్టాడు. పార్కర్ 1920 ఆగస్టు 29న కాన్సస్ సిటీలో పుట్టాడు. లెస్టర్ టెనర్ శాక్సోఫోన్ రికార్డులను అరిగిపోయేదాకా విని, వాటిలోని సోలోలు పలుకు పలుకూ కంఠతా పట్టి, ఆ తర్వాత తన ఆల్టో మీద కొత్త దారి వేసుకున్నవాడు పార్కర్. అలాంటి ఇద్దరి పుట్టినరోజులు ఒక్కరోజు ఎడంలో పడ్డాయి. ఆ మధ్య రోజును కూడా వాళ్లిద్దరికే రాసిచ్చేసింది ఆ రేడియో.

కొలంబియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు నడిపే ఆ స్టేషన్ పేరు డబ్ల్యూకేసీఆర్, 89.9 ఎఫ్‌ఎం. 1941 నుంచి ఉంది. ఇప్పుడు ఇంటర్నెట్‌లోనూ వస్తుంది కాబట్టి అక్కడ అర్ధరాత్రి మొదలైన పుట్టినరోజు వేసవి నెలల్లో మనకు ఉదయం తొమ్మిదిన్నరకు చెవిన పడుతుంది. మిగతా జాజ్ పెద్దల పుట్టినరోజులకూ ఇలాగే రోజంతా ఇస్తారు: ఏప్రిల్ 7 బిల్లీ హాలిడేది, ఏప్రిల్ 29 డ్యూక్ ఎల్లింగ్టన్‌ది, సెప్టెంబరు 23 జాన్ కోల్ట్రేన్‌ది, అక్టోబరు 10 థెలోనియస్ మంక్‌ది. ఆ రోజుల్లో మామూలు కార్యక్రమాలన్నీ తప్పుకుని దారి ఇస్తాయి. క్యాలెండర్ కొన్నిసార్లు చిత్రమైన ఇరుగుపొరుగులను కూరుస్తుంది. మార్చి 9న ఆర్నెట్ కోల్‌మన్ రోజు ముగియగానే 10న బిక్స్ బైడర్‌బెక్ రోజు మొదలవుతుంది. ఒకరు 1930లో పుట్టి జాజ్ కట్టుబాట్లను తెంచేసిన మనిషి. ఇంకొకరు 1903లో పుట్టి, 28 ఏళ్లకే పోయి, ఆ కట్టుబాట్లు ఇంకా కుదురుకుంటున్న రోజుల్లో కార్నెట్ ఊదిన మనిషి. రెండు రోజులూ వరసగా విన్న చెవికి ఆ ఇద్దరి మధ్య ఎంత దూరముందో, ఎంత తక్కువ దూరముందో రెండూ తెలిసిపోతాయి.

పుట్టినరోజు అనగానే ఫొటోకి దండ, నాలుగు మాటల ఉపన్యాసం, బాగా తెలిసిన రెండు పాటలు. ఎక్కడైనా జరిగేది ఇదే. ఇరవై నాలుగు గంటలు నింపాలంటే ఆ సరంజామా ఏ మూలకీ చాలదు. ఏ రికార్డు ముందు, ఏది వెనక, ఎక్కడ మాట్లాడాలి, ఎక్కడ నోరు మూసుకోవాలి, అరిగిన డిస్కు మీది గరగరలో నుంచి వాయిద్యాన్ని ఎలా బయటికి తీయాలి, వెనక వాయించినవాళ్లలో ఎవరి పేరు లేబుల్ మీద ఎక్కలేదు, ఇవన్నీ కూర్చుని తేల్చుకోవాలి. దీన్ని నేను ఒక పనితనంగానే చూస్తాను. ఆ పనితనాన్ని పరాకాష్ఠకు తీసుకెళ్లినవాడు ఫిల్ షాప్.

ఫిల్ 1951 ఏప్రిల్ 8న పుట్టి, న్యూయార్క్ క్వీన్స్ ప్రాంతంలోని హాలిస్ పేటలో పెరిగాడు. తండ్రి వాల్టర్ 1930లలో ప్యారిస్‌లో ఫ్రెంచి జాజ్ పరిశోధకులతో కలిసి పనిచేసినవాడు. సంగీతకారులు ఆ ఇంటికి వస్తూ పోతూ ఉండేవారు. తల్లిదండ్రులు పని మీద బయటికి వెళ్తే పిల్లవాణ్ణి కనిపెట్టుకుని కూర్చున్నవాళ్లలో కౌంట్ బేసీ బృందం డ్రమ్మర్ జో జోన్స్ ఒకడు. 1936లో షికాగోలో లెస్టర్ యంగ్ తొలిసారి రికార్డు చేసిన రోజున డ్రమ్స్ దగ్గర కూర్చున్నది ఈ జో జోన్సే. గది ఇరుకు కావడంతో పెద్ద డ్రమ్ము లేకుండానే వాయించారు. బేసీకి వేరే కంపెనీతో ఒప్పందం ఉండటంతో లేబుల్ మీద ఆయన పేరు వేయకుండా జోన్స్-స్మిత్ ఇన్‌కార్పొరేటెడ్ అని వేశారు. ఆ రికార్డు గురించి ఫిల్ చెబుతుంటే పుస్తకం చూసి అప్పజెబుతున్నట్టు ఉండేది కాదు. ఆ కర్రలు పట్టిన చేతులను ఆయన దగ్గరగా ఎరిగినవాడు.

1970లో, విద్యార్థిగా ఉండగానే ఫిల్ ఆ స్టేషన్‌లో మైకు ముందుకు వచ్చాడు. తర్వాత అర్ధశతాబ్దం అక్కడే. 1973 నుంచి పదిహేడేళ్లు బ్రాడ్‌వే మీది వెస్ట్ ఎండ్ బార్‌లో కచేరీలు పెట్టించి, బేసీ దగ్గర పనిచేసి పనుల్లేక మరుగున పడిన పెద్దవాళ్లను మళ్లీ వేదికెక్కించాడు. 1981లో మొదలుపెట్టిన బర్డ్ ఫ్లైట్ కార్యక్రమంలో పొద్దున్నే ఒక గంటకు పైగా చార్లీ పార్కర్ ఒక్కడి సంగీతమే వేసేవాడు. ఒక్క మనిషి మీద, అదీ 34 ఏళ్లకే చనిపోయినవాడి మీద, నలభై ఏళ్ల పాటు వారానికి ఐదు పొద్దులు! ఏడాది పొడుగునా ఆ సాధన ఉంది కాబట్టే ఆగస్టు 29 వచ్చేసరికి ఆయన చేతికి ఏదీ తడుముకోవాల్సిన పని ఉండేది కాదు.

పార్కర్ రోజును కాలక్రమంలో పేర్చి చూస్తే కష్టమేమిటో తెలుస్తుంది. 1940 నవంబరులో కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో జే మెక్‌షాన్ బృందంతో రేడియో కోసం చేసిన రికార్డింగులు ఉన్నాయి. 1941 ఏప్రిల్ 30న డాలస్‌లో డెక్కా కంపెనీకి చేసిన హూటీ బ్లూస్ ఉంది. అందులో పార్కర్ సోలో మొత్తం పన్నెండు బార్లు, అంటే బ్లూస్ చట్రం ఒక్క చుట్టు. ఆ అర నిమిషం విని దేశమంతటా కుర్ర శాక్సోఫోన్ వాద్యకారులు ఉలిక్కిపడ్డారు. ఆ తర్వాత పెద్ద గొయ్యి. 1942 ఆగస్టు 1న సంగీతకారుల యూనియన్ రికార్డింగుల మీద సమ్మెకు దిగింది. న్యూయార్క్ హార్లెంలో రాత్రి కచేరీలు ముగిశాక బీబాప్ అనే కొత్త బాణీ పుడుతున్నది సరిగ్గా అప్పుడే. కంపెనీల మైకులన్నీ మూతబడి ఉన్నాయి.

ఆ గోతిని ఎలా దాటాలి? 1943 ఫిబ్రవరిలో షికాగో సవాయ్ హోటల్ 305వ నంబరు గదిలో బాబ్ రెడ్‌క్రాస్ అనే స్నేహితుడి దగ్గర డిస్కు కోసే యంత్రం ఒకటి ఉంది. ఆ గదిలో పార్కర్, ట్రంపెట్ వాద్యకారుడు డిజీ గిలెస్పీ, బాస్ మీద ఆస్కర్ పెటిఫర్డ్ సరదాగా వాయించుకున్నారు. పార్కర్ చేతిలో ఆ రోజు టెనర్ శాక్సోఫోన్. శబ్దం పీలగా, గరగరగా ఉంటుంది. కచేరీకి పనికొచ్చే రికార్డు కాదది. అయినా 1941కీ 1945కీ మధ్య దానిని సరైన చోట పెడితే, ఆ రెండు గట్లనూ కలిపే వంతెన దొరుకుతుంది. లేకపోతే వినేవాడికి పార్కర్ ఒక్కసారిగా ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు అనిపిస్తుంది. కార్యక్రమం కూర్చడంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే పని ఇలాంటిదే. బాగున్నవి వరసగా వేసుకుంటూ పోవడం ఎవరైనా చేస్తారు. బాగాలేని దాన్ని దాని చోట పెట్టి, అది ఎందుకు వినాలో చెప్పి వినిపించడానికి గుండె ధైర్యం కావాలి.

ఇక 1945 నవంబరు 26, సోమవారం. ఈసారి సవాయ్ అన్నది రికార్డు కంపెనీ పేరు, చోటు న్యూయార్క్‌లోని డబ్ల్యూఓఆర్ స్టూడియో. ఆ రోజు రికార్డైన కో-కో మూడు నిమిషాల లోపు ముక్క. దాని మీద ఎన్ని గంటలైనా మాట్లాడవచ్చు, ఫిల్ మాట్లాడేవాడు కూడా. ఆదిలో 32 బార్లు: మొదటి ఎనిమిది ట్రంపెట్, ఆల్టో జంటగా, తర్వాతి ఎనిమిది ట్రంపెట్ ఒంటరిగా, ఆపై ఎనిమిది ఆల్టో ఒంటరిగా, చివరి ఎనిమిది మళ్లీ జంటగా. అంతసేపూ వెనక మాక్స్ రోచ్ డ్రమ్ములు తప్ప పియానో లేదు, బాస్ లేదు. తర్వాత మామూలుగా అయితే అసలు పాట రావాలి. ఆ అసలు పాట రే నోబుల్ కట్టిన చెరోకీ. మొదటి టేకులో పార్కర్, గిలెస్పీ ఆ వరస అందుకున్నారు కూడా. అంతలో ఎవరో ఈల వేసి, చప్పట్లు చరిచి ఆపేశారు. ఆ వరస వాయిస్తే దాని హక్కుదారుకు డబ్బు కట్టాల్సి వస్తుందని భయమట. రెండోసారి పాటను పూర్తిగా వదిలేసి, దాని కింది స్వర చట్రం ఒక్కటే ఉంచుకుని, పార్కర్ నేరుగా సోలోలోకి దూకాడు. నిమిషానికి దాదాపు 300 దెబ్బల వేగం. 64 బార్ల చుట్టు రెండుసార్లు, మొత్తం 128 బార్లు. ఊపిరి ఎక్కడ పీల్చాడో వెతుక్కోవాలి.

ఇందులో పియానో ఎవరిది? ట్రంపెట్ ఎవరిది? ఆ రోజు స్టూడియోలో మరో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఉన్నాడు, వయసు పంతొమ్మిది. కానీ కో-కోలో ట్రంపెట్ గిలెస్పీది. పియానో దగ్గర కూర్చోవలసిన బడ్ పావెల్ రాలేదు. అందుకని గిలెస్పీయే ట్రంపెట్ పక్కన పెట్టి పియానో దగ్గరికి పరిగెత్తాడు. అర్గాన్ థార్న్‌టన్ అనే మరో పియానో వాద్యకారుడూ ఆ రోజు అక్కడే ఉన్నాడు. ఏ ముక్కలో ఏ వేళ్లు పలికాయన్నది ఏళ్ల తరబడి నలిగిన తగాదా. పియానో ప్రవేశం అంత ఆలస్యంగా ఎందుకు వస్తుందో, ట్రంపెట్ ఆగిన చోటుకీ పియానో మొదలైన చోటుకీ మధ్య ఎన్ని బార్ల ఖాళీ ఉందో లెక్కపెట్టి వింటే, ఒక మనిషి స్టూడియోలో ఆ మూల నుంచి ఈ మూలకు వెళ్లిన అడుగులు చెవికి తెలుస్తాయి. ఆ సంగతి చెప్పాక మళ్లీ విన్నప్పుడు, అప్పటిదాకా వేగమొక్కటే వినిపించిన ముక్కలో మనుషులు కనిపిస్తారు.

ఫిల్ పద్ధతి అంతా ఈ పేర్ల మీదే నిలబడింది. పుట్టినరోజు ఒకరిదే అయినా ప్రతి పాట తర్వాతా అందరి పేర్లూ చదివేవాడు. ట్రంపెట్ ఎవరు, బాస్ ఎవరు, తారీఖు ఏది, వారమేది, ఊరేది, స్టూడియో ఏది. ఇంత వివరం ఎందుకని విసుక్కున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మూడు నిమిషాల పాటకు అంతకు ఎన్నో రెట్లు వ్యాఖ్యానం చెప్పిన రోజులు ఉన్నాయి. పాట వేయవయ్యా బాబూ అని శ్రోతలు మొత్తుకున్న రోజులూ ఉన్నాయి. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయినా నేను ఫిల్ పక్షమే. ఆ సంగీతం చేసిన నల్లజాతి వాద్యకారుల్లో చాలామందికి కూలి కట్టి పంపేశారు, పేరు లేబుల్ మీదికి ఎక్కలేదు. 1940ల నాటి బాస్ వాద్యకారుడి పేరు 2010లో గాలిలో వినబడాలంటే ఎవరో ఒకరు ఓపిగ్గా పలకాలి. మాట కొంచెం ఎక్కువైతే ఏం మునిగిపోయింది?

మాట ఒక్కటే కాదు, చేతి పని కూడా ఆయనకు వచ్చేది. డీన్ బెనెడెట్టి అనే శాక్సోఫోన్ వాద్యకారుడు పార్కర్‌కు వీరాభిమాని. 1947లో లాస్ ఏంజలెస్‌లోనూ 1948లో న్యూయార్క్‌లోనూ క్లబ్బులకు యంత్రం మోసుకెళ్లి, పార్కర్ సోలోలు మాత్రమే రికార్డు చేశాడు. మిగతావాళ్లు వాయించేటప్పుడు యంత్రం ఆపేసేవాడు. ముందు డిస్కులు, తర్వాత కాగితపు టేపు. అవి తీగ మీద రికార్డు చేసినవన్న కట్టుకథ చాలాకాలం ప్రచారంలో ఉండేది. బెనెడెట్టి 1957లో ఇటలీలో చనిపోయాక అవి ఏమయ్యాయో లోకానికి తెలియలేదు. నిజానికి సోదరుడి దగ్గర భద్రంగా ఉన్నాయి. 1990లో మొజాయిక్ కంపెనీ వాటిని ఏడు సీడీలుగా తెచ్చినప్పుడు శబ్దాన్ని బాగుచేసినది ఫిల్.

ఆ పని ఎంత కష్టమో ఊహించండి. ముక్క ఎక్కడో మొదలై ఎక్కడో తెగిపోతుంది. కొన్ని సెకన్లలో అయిపోయేవి ఉన్నాయి. ఏ పాటో చెప్పడానికి పల్లవి ఉండదు. సోలో కింద పియానో వాయించే స్వరాల నడకను బట్టి పాట పోల్చుకోవాలి. యంత్రం వేగం నిలకడగా ఉండదు కాబట్టి శ్రుతి పైకో కిందికో జారుతుంది. అప్పుడు ఆ పాటను పార్కర్ ఏ శ్రుతిలో వాయించేవాడో తెలిసి ఉండాలి. ఆ శ్రుతికి వచ్చేదాకా టేపు వేగం సరిచేసుకుంటూ పోవాలి. చెవి, జ్ఞాపకం, స్క్రూడ్రైవర్ మూడూ ఒకేసారి పనిచేసే చోటు అది.

ఇంకో పని దీనికన్నా ముచ్చటైనది. 1956 జూలై 7, శనివారం రాత్రి, న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం. డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం వెనకబడిపోయిందని అందరూ అనుకుంటున్న రోజులు. అర్ధరాత్రి దాటాక ఆయన 1937 నాటి డిమినుయెండో అండ్ క్రెసెండో ఇన్ బ్లూ ఎత్తుకున్నాడు. రెండు భాగాల మధ్య టెనర్ వాద్యకారుడు పాల్ గొన్‌సాల్వెస్‌కు వదిలాడు. ఆయన పన్నెండు బార్ల బ్లూస్ చట్రాన్ని 27 సార్లు చుట్టి వచ్చాడు. జనం కుర్చీలెక్కి అరిచారు. డ్యూక్ 1899లో పుట్టినా, నేను పుట్టింది న్యూపోర్ట్‌లో 1956లోనే అని తర్వాత చెప్పుకుంటూ ఉండేవాడు. ఏప్రిల్ 29 రోజున ఆ కచేరీ వంతు వచ్చేసరికి ఆ మాట గుర్తుకు రాక మానదు.

అయితే వేదిక మీద రెండు మైకులున్నాయి. ఒకటి కొలంబియా రికార్డు కంపెనీది, ఇంకొకటి వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోది. గొన్‌సాల్వెస్ రేడియో మైకులోకి ఊదాడు. కంపెనీ టేపులో ఆయన ఎక్కడో దూరాన వినిపించాడు. కంపెనీ ఆ తర్వాత బృందాన్ని స్టూడియోకు రప్పించి చాలా భాగం మళ్లీ వాయించుకుని, దానికి చప్పట్లు అతికించి ఎల్పీగా అమ్మింది. నలభై ఏళ్లు లోకం విన్న న్యూపోర్ట్ కచేరీ చాలావరకు ఆ అతుకుల బొంతే. 1990లలో వాయిస్ ఆఫ్ అమెరికా టేపు బయటపడ్డాక ఫిల్ రెండు టేపులనూ పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వేసి స్టీరియో చేశాడు. చెప్పినంత తేలిక కాదు. రెండు యంత్రాలు ఎప్పుడూ ఒకే వేగంతో తిరగవు. ఒక క్షణం కలిసిన దెబ్బ కాసేపటికి విడిపోతుంది. గంటన్నర కచేరీలో అడుగడుగునా రెంటినీ జత కుదురుస్తూ పోవాలి. 1999లో ఆ సీడీలు వచ్చాయి. గొన్‌సాల్వెస్ మొదటిసారి దగ్గరగా వినిపించాడు. పాత ఎల్పీయే బాగుందని ఇప్పటికీ వాదించేవాళ్లు ఉన్నారు. నా మటుకు నాకు ఆ రాత్రి ఆయన నిజంగా ఊదినదే కావాలి.

పుట్టినరోజు జరపాలంటే అసలు పుట్టినరోజు తెలిసి ఉండాలి కదా. బ్లూస్ గాయకుల విషయంలో అది పెద్ద సమస్య. మిసిసిపీలో రాష్ట్రమంతటా జననాల నమోదు మొదలైందే 1912లో. అంతకు ముందు పత్తి చేలలో పుట్టిన పిల్లలకు ధ్రువపత్రం అన్నది లేదు. జనాభా లెక్కల కాగితాలు, బడి రిజిస్టర్లు, సైన్యం కార్డులు, పెళ్లి పత్రాలు తిరగేసి తేల్చాల్సిందే. మడ్డీ వాటర్స్ ఏప్రిల్ 4న పుట్టాడు సరే, ఏ సంవత్సరం? సమాధి రాయి మీద 1915. పాత పత్రాలు 1913 అంటాయి. బెస్సీ స్మిత్‌ది 1894 అని అందరూ రాస్తారు, 1900 నాటి జనాభా లెక్క 1892 అంటుంది. జెల్లీ రోల్ మోర్టన్ తాను 1885లో పుట్టానని చెప్పుకునేవాడు. 1902లో జాజ్‌ను కనిపెట్టింది నేనే అని కూడా అనేవాడు. బాప్తిస్మం పత్రం ప్రకారం 1890. ఆ లెక్కన జాజ్ కనిపెట్టేనాటికి ఆయనకు పన్నెండేళ్లు.

అన్నిటికన్నా పెద్ద తేదీ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది. 1900 జూలై 4, అమెరికా స్వాతంత్ర్య దినం, తన పుట్టినరోజు అని ఆయన జీవితాంతం చెప్పాడు. 1971 జూలై 6న కన్నుమూశాడు. 1980లలో టాడ్ జోన్స్ అనే పరిశోధకుడు న్యూఆర్లీన్స్ సేక్రెడ్ హార్ట్ ఆఫ్ జీసస్ చర్చి రిజిస్టరులో లాటిన్‌లో రాసిన ఒక పద్దు పట్టుకున్నాడు. బాప్తిస్మం 1901 ఆగస్టు 25న, పుట్టినది ఆగస్టు 4న. పక్కన పిల్లవాడు నల్లవాడనీ, అక్రమ సంతానమనీ రెండు మాటలు. తల్లి పేదరాలు, తండ్రి వదిలేసి పోయినవాడు. ఆ బిడ్డ ట్రంపెట్ ఊదిన తీరే జాజ్‌లో సోలో అంటే ఏమిటో అందరికీ నేర్పింది.

తేదీ తేలిపోయాక పాతది కొట్టేయడం పరిశోధకులకు సహజం. డబ్ల్యూకేసీఆర్ ఆ పని చేయలేదు. జూలై 4న ఒక రోజంతా ఆర్మ్‌స్ట్రాంగ్, ఆగస్టు 4న మళ్లీ ఒక రోజంతా ఆర్మ్‌స్ట్రాంగ్. ఒకటి ఆయన మాటకు, ఒకటి చర్చి పుస్తకానికి. తారీఖుల దగ్గర అంత పట్టుదల ఉన్న ఫిల్ షాప్ పనిచేసిన స్టేషన్ ఇలా చేయడం నాకు ఎంతో నచ్చింది. ఫిల్ 2021 సెప్టెంబరు 7న చనిపోయాడు. ఆ మైకు ముందు ఇప్పుడు విద్యార్థులు కూర్చుంటున్నారు. జూలై 4 రోజూ ఉంది, ఆగస్టు 4 రోజూ ఉంది. కొత్తగా వినబోయేవాళ్లు ఆగస్టు 4తో మొదలుపెడితే మంచిది. అప్పటి నుంచి లెస్టర్, పార్కర్‌ల 72 గంటలకు మూడు వారాలే వ్యవధి. 1920ల ట్రంపెట్ చెవిలో ఇంకా పచ్చిగా ఉండగానే 1945 కో-కో వినవచ్చు.